రూపాయికొక 'పంపు' బటను, క్రిప్టోకొక 'పంపు' బటను

రోజువారీ డబ్బు పంపకాలూ, క్రిప్టో కొనుగోళ్ళూ ఒకే యాప్‌లో పెట్టాలనుకున్నప్పుడు మొదటి తెర గీసేవాళ్ళకి సహజంగా తట్టే ఆలోచన ఒకటుంది. మధ్యలో పెద్ద 'పంపు' బటను, దాని మీద ఒక పెట్టె. అందులో ఫోన్ నంబరు వేసినా, యూపీఐ ఐడీ వేసినా, బిట్‌కాయిన్ అడ్రసు వేసినా యాపే కనిపెట్టి పంపేస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, ప్రమాదం మొదలయ్యేది ఆ పెట్టె దగ్గరే.

రూపాయి తప్పు ఖాతాకి వెళ్తే అడగడానికి బ్యాంకు ఉంది, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ఉంది, అంబుడ్స్‌మన్ వ్యవస్థ ఉంది, మోసమైతే సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930 ఉంది. తిరిగొస్తుందన్న హామీ లేకపోయినా తట్టడానికి తలుపంటూ ఉంది. క్రిప్టో మాత్రం సింహాచలం హుండీలో వేసిన నోటు లాంటిది. బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి చిట్టాలోకి ఎక్కి స్థిరపడ్డాక వెనక్కి తీయడం యాప్ తయారుచేసినవాళ్ళ చేతిలో కూడా ఉండదు. అందుకే రూపాయి వైపు ఎన్ని నొక్కులు తగ్గిస్తే అంత మంచిది, క్రిప్టో వైపు కొన్ని నొక్కులు కావాలనే పెంచాలి. తెర రంగు, బటను పేరు, చివర్లో ఖాయం చేసే పద్ధతి అన్నీ వేరుగా ఉండాలి. రూపాయి తెరలో ఒక నొక్కు, పిన్. క్రిప్టో తెరలో వేలు రెండు సెకన్లు నొక్కి పట్టుకోవాలి. చేతికి అలవాటైన కదలికతో డబ్బు పోకూడదు.

గీతలు గీయకముందే తేల్చుకోవాల్సిన చట్టం సంగతులు కొన్నున్నాయి. యూపీఐ యాప్ ఎవరికి వాళ్ళు తెరిచేది కాదు. ఒక బ్యాంకు వెనక నిలబడాలి, ఎన్‌పీసీఐ అనుమతివ్వాలి. పిన్ కొట్టే పేజీ ఎన్‌పీసీఐ ఇచ్చే కామన్ లైబ్రరీది. దాని రూపం మార్చలేం, కాబట్టి మన పనితనమంతా ఆ పేజీకి ముందూ వెనకా చూపించాలి. క్రిప్టో విషయంలో 2018 ఏప్రిల్‌లో క్రిప్టో సంస్థలకి సేవలివ్వొద్దని బ్యాంకులకి రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్‌ని సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టేసింది. 2023 మార్చి నుంచి క్రిప్టో సేవలు మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందకి వచ్చాయి, అనుమానాస్పద లావాదేవీల మీద నిఘా పెట్టే కేంద్ర సంస్థ ఎఫ్ఐయూలో నమోదు తప్పనిసరి. 2022 ఏప్రిల్‌లో ఎన్‌పీసీఐ తనకి తెలిసి ఏ క్రిప్టో ఎక్స్చేంజీ యూపీఐ వాడటం లేదని ప్రకటించింది. కాబట్టి క్రిప్టో కొనడానికి రూపాయలు ఏ దారిలో వస్తాయో, ఏ బ్యాంకు ఒప్పుకుంటుందో కాగితం మీద ఖాయం చేసుకోకుండా కోడు మొదలుపెట్టొద్దు. 'క్రిప్టోతో బిల్లు కట్టండి' అనే బటను మన దేశంలో పెట్టనే వద్దని నా గట్టి అభిప్రాయం. విశాఖ జగదాంబ సెంటర్లో ఎవరైనా బిట్‌కాయిన్ ఇచ్చి ప్లేటు పెసరట్టు తిన్నా చట్టం దృష్టిలో అది ఆస్తి బదిలీయే. దాని లాభం లెక్క కట్టి, పన్ను రిటర్నులో చూపించాలి.

రిజర్వు బ్యాంకు డిజిటల్ రూపాయి వేరు. 2022 డిసెంబరు 1న సామాన్యుల కోసం ప్రయోగాత్మకంగా మొదలైన అది నోటుతో సమానం. యాప్‌లో చోటిస్తే రూపాయి వైపే ఇవ్వాలి.

రూపాయి వైపు మొదటి ఇబ్బంది యాప్ తెరవగానే ఎదురవుతుంది. ఫోన్‌నీ సిమ్‌నీ ముడిపెట్టడానికి యాప్ ఒక ఎస్సెమ్మెస్ పంపుతుంది. 'రిజిస్ట్రేషన్ ఫెయిల్' అని ఎర్ర అక్షరాలు చూపించి వదిలేస్తే మనిషి అక్కడే ఆగిపోతాడు. అసలు కారణాలు మూడు నాలుగుకి మించవు. రెండు సిమ్‌లున్న ఫోన్‌లో బ్యాంకుకి ఇవ్వని సిమ్ ఎంచుకోవడం, రీచార్జి అయిపోయి మెసేజి బయటికి వెళ్ళకపోవడం, ఎస్సెమ్మెస్ పర్మిషన్ ఇవ్వకపోవడం, బ్యాంకులో పాత నంబరే ఉండిపోవడం. ఏ కారణమో పట్టుకుని అదొక్కటే చెప్పాలి: 'ఈ సిమ్ నుంచి మెసేజి వెళ్ళడం లేదు. రీచార్జి ఉందో లేదో చూడండి.' కొత్త ఫోన్‌లో నమోదయ్యాక మొదటి 24 గంటలు ₹5,000కి మించి పంపనివ్వరు. ఈ మాట నమోదు పూర్తయిన తెర మీదే చెప్పాలి. కేజీహెచ్ ఆసుపత్రి ఎదురుగా మందుల షాపులో ₹8,000 బిల్లు ముందు నిలబడ్డాక తెలిస్తే ఏం లాభం?

మనిషిని ఎంచుకునే తెర దగ్గర మన ఉత్తరాంధ్ర పేర్లని లెక్కలోకి తీసుకోవాలి. గాజువాకలో ఒక మేస్త్రీ ఫోన్ తీసి చూస్తే అప్పలరాజులు నలుగురు, నూకరాజులు ముగ్గురు, సింహాద్రిలు ఇద్దరు ఉండొచ్చు. పేరు ఒక్కటే చూపిస్తే ఇటుకల డబ్బు సిమెంటు అప్పలరాజుకి పోతుంది. ప్రతి పేరు కింద నంబరు చివరి నాలుగంకెలూ, కిందటిసారి ఎంత పంపారో, ఎప్పుడు పంపారో ఒక్క వరుసలో కనపడాలి. పిన్‌కి ముందు తెరలో పెద్ద అక్షరాలతో ఉండాల్సింది బ్యాంకు ఖాతాలో నమోదైన పేరు. 2025 జూన్ చివరి నుంచి ఎన్‌పీసీఐ దీన్ని తప్పనిసరి చేసింది కూడా. ఫోన్‌లో సేవ్ చేసుకున్న పేరు దాని కింద చిన్నగా ఉంటే చాలు.

క్యూఆర్ విషయంలోనూ ఇదే. యూపీఐ క్యూఆర్ లోపల 'పీఏ' అనే భాగంలో యూపీఐ ఐడీ, 'పీఎన్' అనే భాగంలో పేరు ఉంటాయి. పీఎన్‌లో ఏం రాయాలన్నది క్యూఆర్ తయారుచేసినవాడి ఇష్టం. పూర్ణా మార్కెట్లో షాపు స్టిక్కర్ మీద ఇంకో స్టిక్కర్ అంటించే మోసగాడు పీఎన్‌లో ఆ షాపు పేరే రాస్తాడు. అందుకే పీఎన్‌ని తెర మీదకి రానివ్వకూడదు. పీఏని బ్యాంకుతో సరిచూసి, వచ్చిన పేరే చూపించాలి. అందుకు పట్టే ఒకటి రెండు సెకన్లలో 'పేరు చూస్తున్నాం' అని రాయండి, ఖాళీ చక్రం తిప్పకండి.

మొత్తం వేసేచోట ఎక్కువగా జరిగే పొరపాటు సున్నా. 500 బదులు 5000. పెట్టె కింద 'ఐదు వేల రూపాయలు' అని తెలుగులో అక్షరాలా కనపడితే చాలామంది అక్కడే ఆగి సరిదిద్దుకుంటారు. కామాలు మన పద్ధతిలోనే పడాలి, 1,00,000 అని. అంకెలు 0 నుంచి 9 వరకు ఉన్న మామూలువే వాడండి, తెలుగంకెలు ఈ పనికి వద్దు. ఎప్పుడూ ఒక మనిషికి పంపే మొత్తానికి పది రెట్లు వేస్తే ఒక్కసారి ఆపి అడగండి. కోడు లోపల రూపాయల్ని దశాంశ సంఖ్యగా దాచొద్దు, పైసల్లో పూర్ణాంకంగా దాచాలి. ₹249.50 అంటే 24950. దశాంశాలతో కూడితే 0.1, 0.2 కలిసి సరిగ్గా 0.3 అవ్వవు, నెలాఖరు లెక్కలో పైసల తేడా వస్తుంది.

టిఫినుకీ, ఆటోకీ ప్రతిసారీ పిన్ అడగడం దండగ. యూపీఐ లైట్‌లో గరిష్ఠంగా ₹5,000 ఉంచుకుని, ఒక్కోసారి ₹1,000 లోపు పిన్ లేకుండా ఇవ్వొచ్చు. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఆటో దిగేవాడికి ఇదే సుఖం. ఫోన్ పోతే ఆ డబ్బుకి పిన్ కాపలా ఉండదన్న మాట మాత్రం డబ్బు నింపే తెరలోనే చెప్పేయాలి.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది పిన్ కొట్టిన తర్వాత తెర. వెళ్ళింది, వెళ్ళలేదు అని రెండే ఫలితాలు పెట్టిన యాప్ అబద్ధం చెబుతున్నట్టే. మూడోది ఉంది: బ్యాంకు నుంచి ఇంకా జవాబు రాలేదు. జవాబు రాకపోతే దాన్ని 'ఫెయిల్' అని చూపించారనుకోండి, ఆ మనిషి మళ్ళీ పంపుతాడు, కాసేపటికి రెండూ పడతాయి. సరైన మాట ఇలా ఉండాలి: 'మీ ఖాతాలో ₹2,000 కట్ అయ్యాయి. అవతల పడ్డాయో లేదో బ్యాంకు ఇంకా చెప్పలేదు. మళ్ళీ పంపొద్దు.' దాని కింద గడువు రాయాలి. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు నిబంధనల ప్రకారం, మనిషికి పంపిన యూపీఐ డబ్బు అవతల పడకపోతే లావాదేవీ జరిగిన మర్నాటికల్లా తిరిగి జమ కావాలి. షాపుకి పంపినదైతే 5 రోజులు. గడువు దాటితే రోజుకి ₹100 చొప్పున పరిహారం. 'రేపు సాయంత్రంలోగా' అని మాటల్లో కాకుండా తేదీ వేసి చూపిస్తే మనిషి కుదుటపడతాడు.

లోపల ప్రతి 'పంపు' నొక్కుకీ ఫోన్‌లోనే ఒక విడి గుర్తు పుట్టాలి. అదే గుర్తుతో సర్వరుకి పదిసార్లు విన్నపం వెళ్ళినా డబ్బు ఒక్కసారే కదలాలి. నెట్ లేనప్పుడు చెల్లింపుని వరుసలో పెట్టుకుని, నెట్ రాగానే దానంతటదే పంపే తెలివి అస్సలు వద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు విశాఖలో కరెంటూ, ఫోన్లూ రోజుల తరబడి లేవు. అలాంటి రోజున నొక్కిన బటను తర్వాతెప్పుడో పనిచేస్తే, అప్పటికి ఆ మనిషి చేబదులు తెచ్చి నోట్లతో ఇచ్చేసి ఉంటాడు. నెట్ లేకపోతే 'వెళ్ళలేదు, డబ్బు మీ దగ్గరే ఉంది' అని తేల్చేయాలి.

తెలుగు తెర గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని చివరి వారానికి వదిలేస్తారు. ఇంగ్లీషుకి సరిపోయే వరుస ఎత్తులో మన గుడులూ, ఒత్తులూ తెగిపోతాయి. అక్షరం సైజుకి 1.5 నుంచి 1.6 రెట్ల ఎత్తు ఇవ్వండి. 'స్త్రీ', 'కృష్ణ', 'లక్ష్మి' ఈ మూడు మాటలూ ప్రతి బటను మీదా వేసి చూస్తే సంగతి తెలిసిపోతుంది. పొడుగు పేరుని కత్తిరించి చుక్కలు పెట్టేచోట కోడ్ పాయింట్లు (కంప్యూటరు ఒక్కో గుర్తుకి ఇచ్చే సంఖ్యలు) లెక్కపెట్టి కోస్తే అక్షరం నడుము విరుగుతుంది. 'లక్ష్మి'లో కంటికి కనపడేవి రెండక్షరాలు, లోపలున్నవి ఏడు కోడ్ పాయింట్లు. యూనికోడ్ 15.1 నియమాలున్న లైబ్రరీ వాడితే ఒత్తులు కలిసే ఉంటాయి, అంతకంటే పాతవి 'క్ష్మి'ని మధ్యలో విరగ్గొడతాయి. బటనుకి స్థిరమైన వెడల్పు పెట్టొద్దు. నొక్కే చోటు కనీసం 48 డీపీ (ఆండ్రాయిడ్ తెర కొలత) ఉండాలి. ఫిషింగ్ హార్బర్‌లో తడి చేతులతో, ఎండలో, గీతలు పడ్డ స్క్రీన్ గార్డు మీద నొక్కుతారు. అక్కడ వేలిముద్ర పనిచేయదు, కాబట్టి యాప్ తాళానికి అంకెల దారి ఒక్క నొక్కు దూరంలో ఉండాలి. లేత బూడిద రంగు అక్షరాలు బీచ్ రోడ్డు మధ్యాహ్నంలో కనపడవు. అక్షరానికీ వెనక రంగుకీ తేడా కనీసం 4.5కి 1 నిష్పత్తిలో ఉంచండి.

ఇప్పుడు రెండో బటను.

క్రిప్టో తెరలో అడ్రసు కంటే ముందు నెట్‌వర్క్, అంటే ఏ బ్లాక్‌చెయిన్ మీద పంపుతున్నారో, అడగాలి. ఎథీరియం, పాలిగన్, బీఎన్‌బీ చెయిన్ మూడింటిలోనూ అడ్రసు రూపం ఒక్కటే: 0ఎక్స్‌తో మొదలై తర్వాత 40 అక్షరాలు. అడ్రసు చూసి నెట్‌వర్క్ కనిపెట్టడం కుదరదు. ట్రాన్ అడ్రసు మాత్రం టీతో మొదలై 34 అక్షరాలుంటుంది, దాన్ని గుర్తుపట్టొచ్చు. తెర మీద 'టీఆర్‌సీ20', 'ఈఆర్‌సీ20' (ట్రాన్, ఎథీరియం మీద నడిచే నాణేల, అంటే టోకెన్ల, ప్రమాణాలు) అన్న పేర్లు మాత్రమే పడేస్తే కొత్తవాళ్ళకి ఏమీ అర్థం కాదు. 'అవతలివాళ్ళు ఏ నెట్‌వర్క్‌లో తీసుకుంటున్నారో వాళ్ళనే అడగండి. రెండూ ఒకటి కాకపోతే డబ్బు వాళ్ళకి చేరదు' అని రాసి, పక్కన నెట్‌వర్క్ పేర్లు పెట్టండి. కొన్ని నాణేలకి, ఉదాహరణకి ఎక్స్‌ఆర్‌పీని ఎక్స్చేంజీకి పంపేటప్పుడు, అడ్రసుతో పాటు ట్యాగ్ అనే అంకె కూడా కావాలి. ఆ పెట్టెని 'ఇష్టమైతే నింపండి' అని వదిలేస్తే డబ్బు ఎవరి ఖాతాలో వేయాలో ఎక్స్చేంజీకి తెలియదు.

బిట్‌కాయిన్‌లో బీసీ1తో మొదలయ్యే అడ్రసుల్లో చెక్‌సమ్, అంటే తప్పు పట్టే తనిఖీ, ఉంటుంది, చేత్తో కొట్టేటప్పుడు నాలుగు అక్షరాల దాకా తప్పినా పట్టేస్తుంది. ఎథీరియంలో పెద్దా చిన్నా అక్షరాల అమరికలోనే ఆ తనిఖీ దాగుంటుంది, కాబట్టి అడ్రసంతా చిన్నక్షరాల్లోకి మార్చేసే కోడు రాయొద్దు. ఇవి పట్టుకునేది తప్పు రాతనే, తప్పు మనిషిని కాదు. దాన్ని వాడుకునే మోసం ఒకటి బాగా ప్రబలింది. మీరు తరచూ పంపే అడ్రసుకి మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు కలిసే ఇంకో అడ్రసు తయారుచేసి, దాంతో సున్నా విలువ లావాదేవీ ఒకటి మీ చరిత్రలో పడేలా చేస్తారు. తర్వాత మీరు చరిత్రలోంచి కాపీ చేసుకుంటే డబ్బు వాళ్ళకి పోతుంది. దీనికి విరుగుడు యాప్‌లోనే ఉంది. సున్నా విలువ లావాదేవీలు చరిత్రలో దాచేయండి. చరిత్ర తెర నుంచి అడ్రసు కాపీ చేసే వీలు తీసేసి, పేరు పెట్టి దాచుకున్న పుస్తకం నుంచే పంపనివ్వండి. చివరి తెరలో అడ్రసు మధ్యలో చుక్కలు పెట్టకుండా మొత్తం, నాలుగేసి అక్షరాల గుంపులుగా చూపించండి. పేస్టు చేసిన అడ్రసు కాపీ చేసినదేనా అని కూడా చూసుకోమనాలి, క్లిప్‌బోర్డులో అడ్రసు మార్చేసే వైరస్‌లు ఉన్నాయి. టోకెన్‌ని దాని సొంత కాంట్రాక్టు (ఆ టోకెన్‌ని నడిపే ప్రోగ్రాము) అడ్రసుకే పంపబోతే యాప్ ఒప్పుకోకూడదు.

కొత్త అడ్రసుకి మొదటిసారి 'ముందు కొంచెం పంపి చూడండి' అన్నది ముందే ఎంచి ఉండాలి. అయితే రుసుము చూసుకోవాలి. బిట్‌కాయిన్‌లో రుసుము పంపే మొత్తాన్ని బట్టి ఉండదు, లావాదేవీ డేటా ఎన్ని బైట్లన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎథీరియంలో మామూలు బదిలీకి 21,000 గ్యాస్ (నెట్‌వర్క్ చేసే పనికి కొలత) పడుతుంది. గ్యాస్ ధర 10 గ్వీ (గ్వీ అంటే ఈథర్‌లో వంద కోట్లో వంతు) ఉంటే 0.00021 ఈథర్. టోకెన్ బదిలీకి అంతకంటే ఎక్కువ. కొత్తవాళ్ళు ఇరుక్కునేది ఇక్కడే: వాలెట్‌లో యూఎస్‌డీటీ (డాలరు విలువకి ముడిపెట్టిన టోకెన్) నిండుగా ఉంటుంది, పంపడానికి కావాల్సిన ఈథరో, ట్రాన్ నాణెమో ఉండదు. 'ఇన్‌సఫిషియెంట్ ఫండ్స్' అంటే తమ డబ్బెవరో కాజేశారని భయపడతారు. 'మీ యూఎస్‌డీటీ భద్రంగా ఉంది. పంపడానికి రుసుము ఈథర్‌లోనే కట్టాలి, అది మీ దగ్గర లేదు' అని రాయాలి. లావాదేవీ విఫలమైనా గ్యాస్ రుసుము పోతుందని కూడా ముందే చెప్పాలి.

కోడు రాసేవాళ్ళకి ఒక హెచ్చరిక. ఈథర్‌లో అతి చిన్న ముక్క పేరు 'వెయ్'. 1 ఈథర్ అంటే 1 పక్కన 18 సున్నాలు పెట్టినన్ని వెయ్‌లు. జావాస్క్రిప్టు మామూలు సంఖ్య 9 పక్కన 15 సున్నాలు దాటితే కచ్చితంగా ఉండదు, పెద్ద పూర్ణాంకాల కోసం ఉన్న బిగ్‌ఇంట్ వాడాలి. యూఎస్‌డీటీకి ఎథీరియంలో, ట్రాన్‌లో 6 దశాంశ స్థానాలు, బీఎన్‌బీ చెయిన్‌లో 18. ఆరు అని కోడులో రాసిపెట్టుకుంటే అక్కడ బ్యాలెన్స్ లక్ష కోట్ల రెట్లు తప్పు చూపిస్తుంది. స్థానాలెన్నో ఎప్పుడూ కాంట్రాక్టునే అడగాలి. బిట్‌కాయిన్ 0.0015 అని చూపిస్తే ఎంతో ఎవరికీ తట్టదు. పైన రూపాయల్లో విలువ, కింద 0.0015, దాని పక్కన ఆ రేటు ఏ నిమిషానిదో రాయండి.

తాళం, అంటే క్రిప్టో పంపడానికి కావాల్సిన రహస్య సంఖ్య, ఎవరి దగ్గర ఉండాలన్నది కష్టమైన ప్రశ్న. ఎక్స్చేంజీ దగ్గరే ఉంచితే పాస్‌వర్డు మర్చిపోయినా దారి ఉంటుంది, కానీ 2024 జులైలో మన దేశపు పెద్ద ఎక్స్చేంజీ ఒకదాని నుంచి దాదాపు 23 కోట్ల డాలర్ల విలువైన నాణేలు దొంగల పాలయ్యాయి, ఖాతాదారులు నెలల తరబడి తీసుకోలేకపోయారు. సొంతంగా ఉంచుకుంటే ఆ తాళాన్ని తిరిగి తెచ్చే 12 లేదా 24 మాటల జాబితా కాపాడుకోవాలి. 2048 ఇంగ్లీషు మాటల నుంచి వచ్చే ఆ జాబితాకి తెలుగు రూపం లేదు. ఇంగ్లీషు అంతగా రానివాళ్ళ చేత రాయించేటప్పుడు ఒక వెసులుబాటుంది: ప్రతి మాటకీ మొదటి నాలుగక్షరాలు చాలు, ఏ రెండు మాటలకీ అవి కలవవు. తెర మీద ఆ నాలుగూ ముదురుగా, వరుస సంఖ్యతో చూపించి పెద్దక్షరాల్లో రాయమనండి. తర్వాత 3వది, 7వది, 11వది అడిగి సరిచూడండి. ఆ తెరకి స్క్రీన్‌షాట్ పడకుండా ఆండ్రాయిడ్‌లో ఫ్లాగ్ సెక్యూర్ అనే అమరిక పెట్టాలి. సముద్రపు తేమకి జెల్ పెన్ను రాత చెదిరిపోతుంది, పెన్సిల్‌తో రాసి తడి తగలని చోట పెట్టమనండి. కొత్తవాళ్ళకి నేను ఇష్టపడేది మూడు తాళాల్లో ఏ రెండైనా చాలనే ఏర్పాటు: ఒకటి ఫోన్‌లో, ఒకటి సంస్థ దగ్గర, ఒకటి ఇంట్లో కాగితం మీద. ఫోన్ సముద్రంలో పడినా డబ్బు మిగులుతుంది, సంస్థ ఒక్కటే అనుకున్నా తీయలేదు.

పన్ను తెర లేని క్రిప్టో యాప్‌ని నేను పూర్తయిన యాప్‌గా ఒప్పుకోను. ₹20,000కి కొని ₹26,000కి అమ్మితే లాభం ₹6,000. దాని మీద 30 శాతం పన్ను ₹1,800, దాని మీద 4 శాతం సెస్సు ₹72, మొత్తం ₹1,872. అమ్మినప్పుడే 1 శాతం టీడీఎస్, అంటే ₹260 కట్ అయ్యుంటుంది, ఇంకా కట్టాల్సింది ₹1,612. టీడీఎస్ లాభం మీద కాదు, అమ్మిన మొత్తం మీద. ₹15,000కి నష్టానికి అమ్ముకున్నా ₹150 కట్ అవుతుంది, ఆ ₹5,000 నష్టాన్ని ఇంకే లాభంలోంచీ తీసేసుకోనివ్వరు. ఈ లెక్క 'అమ్ము' నొక్కకముందే కనపడాలి. ఒక నాణెం ఇచ్చి ఇంకో నాణెం తీసుకోవడం కూడా అమ్మకమేనని మార్పిడి తెరలో గుర్తుచేయాలి.

మనిషికి మనిషి నేరుగా క్రిప్టో అమ్ముకునే ఏర్పాటు పెడితే రెండు బటన్లూ కలిసే చోటు అదే, అసలు చిక్కూ అదే. కొనేవాడు పంపిన రూపాయలు ఎక్కడో మోసపోయిన ముసలాయన ఖాతాలోంచి వచ్చినవైతే, పోలీసు ఫిర్యాదు మీద అమ్మినవాడి బ్యాంకు ఖాతా స్తంభించిపోతుంది. డబ్బు పంపిన ఖాతా పేరూ, కొనేవాడి కేవైసీ పేరూ ఒకటి కాకపోతే నాణేలు వదలకుండా యాపే ఆపాలి. 'మా తమ్ముడి ఖాతా నుంచి పంపాను' అన్నా సరే.

మోసం జరిగిందని మనిషి సాయం తెర తెరిస్తే, బాట్‌తో కబుర్లు పెట్టొద్దు. రూపాయి లావాదేవీ అయితే మొదటి వరుసలో 1930కి ఫోన్ చేసే బటను, దాని కింద 12 అంకెల యూటీఆర్ (లావాదేవీ నంబరు), తేదీ, నిమిషం, మొత్తం, అవతలి ఐడీ. అన్నీ ఒక్క నొక్కులో కాపీ అవ్వాలి, ఫోన్‌లో అడిగేవాళ్ళకి చదివి చెప్పడానికి వీలుగా అంకెలు నాలుగేసి విడగొట్టి ఉండాలి. క్రిప్టో అయితే అదే చోట లావాదేవీ హ్యాష్ (బ్లాక్‌చెయిన్‌లో దాని గుర్తింపు సంఖ్య), నెట్‌వర్క్ పేరు, అవతలి అడ్రసు, 1930 బటను ఉండాలి. 'రిఫండ్ అడగండి' అనే బటను అక్కడ ఉండకూడదు.